డ్రయ్యర్ చప్పుడు చేస్తే ముందు వినాలి, ఆ తర్వాతే విప్పాలి

డాలస్ శివార్లలో మేముండే ఊరి తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఈమధ్య ఒక మిత్రుడు, "బట్టలు ఆరబెట్టే మా డ్రయ్యర్ విపరీతంగా చప్పుడు చేస్తోంది, కొత్తది ఏది కొంటే మంచిది?" అని అడిగారు. సాయంత్రానికల్లా సమాధానాలు కుప్పలుగా వచ్చిపడ్డాయి. ఏ కంపెనీది మన్నుతుందో, ఏ దుకాణంలో ధర తగ్గించారో, పాతదాన్ని ఉచితంగా పట్టుకుపోయేది ఎవరో అందరూ ఓపికగా చెప్పారు. ఆ చప్పుడు ఎలాంటిదని మాత్రం ఒక్కరూ అడగలేదు. కీచుమంటోందా, దడదడలాడుతోందా, మొదట్లోనే వచ్చి ఆగిపోతోందా, చివరిదాకా ఉంటోందా అన్న ఊసే ఆ సంభాషణలో లేదు.

అప్పటినుంచి ఈ విషయం నన్ను వదలడం లేదు. చప్పుడు చేసే డ్రయ్యర్ విషయంలో మరమ్మతు కన్నా నిర్ధారణే పెద్ద పని అని నా నమ్మకం. ఆ నిర్ధారణలో చాలా భాగం యంత్రాన్ని విప్పకుండానే, చెవులతోనూ చేతులతోనూ చేయవచ్చు. అది పూర్తికాకముందు కొత్త యంత్రం సంగతి అటుంచి, ఇరవై డాలర్ల విడిభాగం కూడా కొనకూడదు. ఇది చాదస్తంగా కనిపించవచ్చునని తెలుసు, అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

చప్పుడుకు ఒక లెక్క ఉంటుంది

సాధారణమైన అమెరికన్ డ్రయ్యర్‌లో మోటారు నిమిషానికి సుమారు 1,725 చుట్లు తిరుగుతుంది. బట్టలు వేసే డ్రమ్ము తిరిగేది నిమిషానికి ఇంచుమించు 50 చుట్లు, అంటే సెకనుకు ఒకటి కన్నా కాస్త తక్కువ. ఆ డ్రమ్మును వెనకవైపు కిందినుంచి రెండు చిన్న రోలర్లు మోస్తుంటాయి. ముందువైపు కొన్నింటిలో ప్లాస్టిక్ పట్టీలు, కొన్నింటిలో మరో రెండు రోలర్లు ఉంటాయి. డ్రమ్ము వ్యాసం 27 అంగుళాల దాకా ఉంటే రోలరు వ్యాసం మూడు నాలుగు అంగుళాలకు మించదు కనుక, డ్రమ్ము ఒక్క చుట్టు తిరిగేలోపు రోలరు ఏడెనిమిది చుట్లు తిరగవలసి ఉంటుంది.

ఈ అంకెలు గుర్తుంటే చప్పుడు దానంతట అదే చిరునామా చెబుతుంది. సెకనుకు ఒకసారి చొప్పున దబ్బు దబ్బుమని పడుతుంటే అనుమానం డ్రమ్ము మీదికో, దాని చుట్టూ ఉండి మోటారు కదలికతో దాన్ని తిప్పే బెల్టు మీదికో పోవాలి. సెకనుకు ఆరేడు సార్లు గబగబా దడదడలాడుతుంటే రోలర్లను చూడాలి, ఎందుకంటే రోలరు రబ్బరు ఒకచోట చదునుగా అరిగితే ఆ చదును డ్రమ్ముకు తగిలిన ప్రతిసారీ ఒక దెబ్బ వినిపిస్తుంది. లెక్కపెట్టడానికి వీల్లేకుండా ఎడతెగక గరగరలాడుతుంటే, అది మోటారు వేగంతో తిరిగే వస్తువులది, అంటే మోటారు బేరింగులదో, మోటారు ఇరుసు చివర ఉండి గాలిని బయటికి తోసే బ్లోయరు చక్రానిదో అయి ఉంటుంది.

బెల్టును బిగించి ఉంచే ఐడ్లర్ పుల్లీ దగ్గర కొంచెం జాగ్రత్తగా ఉండాలి. అది బెల్టుతోపాటే తిరుగుతుంది కాబట్టి దాని వేగం రోలర్ల వేగానికి దగ్గరగానే ఉంటుంది, వేగాన్ని బట్టి ఆ రెండింటినీ విడదీయలేము. అయితే ఎండిపోయిన పుల్లీ దడదడలాడదు, సన్నగా, చెవులు చిల్లులు పడేలా కీచుమంటుంది. ఆ తేడా చాలు.

డ్రమ్మా, బెల్టా అని తేల్చుకోవడానికి సుద్దముక్క సరిపోతుంది. ప్లగ్గు పీకేసి, తలుపు తెరిచి, డ్రమ్ము అంచున ఒక గీత పెట్టి, అది మామూలుగా తిరిగే దిశలోనే చేతితో నెమ్మదిగా తిప్పాలి. ప్రతిసారీ గీత ఒకేచోటికి వచ్చినప్పుడే దెబ్బ తగులుతుంటే లోపం డ్రమ్ములోనే ఉంది. దాని అతుకు కావచ్చు, బట్టలను ఎత్తివేసే రెక్కలో చిక్కుకున్న బొత్తాము కావచ్చు, అంచున ఊడిన ఫెల్టు, అంటే ఉన్నిలాంటి మెత్తని పట్టీ, కావచ్చు. అలా కాకుండా దెబ్బ తగిలే చోటు చుట్టు చుట్టుకూ కొంచెం కొంచెం జరుగుతుంటే అది బెల్టు. డ్రమ్ము చుట్టుకొలత 85 అంగుళాలైతే బెల్టు పొడవు 92, 93 అంగుళాలు ఉంటుంది, అందువల్ల బెల్టు అతుకు ఎప్పుడూ డ్రమ్ము కన్నా కాస్త వెనకబడుతుంది. నాకు ఈ ఒక్క పరీక్ష అంటే ఎంతో ఇష్టం, ఎందుకంటే ఏ పనిముట్టూ లేకుండా, ఒక్క మర కూడా విప్పకుండా, ఇది రెండు అనుమానాలలో ఒకదాన్ని పూర్తిగా తీసివేస్తుంది.

అత్తయ్యగారి మాట

మా ఇంట్లో డ్రయ్యర్ మేడమీద ఉంటుంది. ఈ ప్రాంతపు ఇళ్ళలో అది మామూలే. నేల చెక్కది కాబట్టి ఏ చప్పుడైనా కింద హాలులో రెట్టింపై వినిపిస్తుంది. మొన్న చలికాలంలో అది మూలగడం మొదలుపెట్టినప్పుడు తెనాలి నుంచి వచ్చిన మా అత్తయ్యగారు మా దగ్గరే ఉన్నారు. ఆవిడ మధ్యాహ్నాలు ఆ గది పక్కనే కూర్చుని బట్టలు మడతపెట్టేవారు. ఒకనాడు నేను ఆఫీసు పని ముగించి పైకి వెళితే, "బాబూ, చొక్కాలు వేసినప్పుడు ఇది ఏమీ అనట్లేదు, దుప్పట్లు వేస్తేనే మూలుగుతోంది. అదీ కాసేపే, ఆరేకొద్దీ సర్దుకుంటోంది చూడండి" అన్నారు.

డ్రయ్యర్‌ను జీవితంలో ఎప్పుడూ విప్పి చూడని ఆవిడ ఆ ఒక్క మాటతో సగం నిర్ధారణ చేసి పెట్టారు. తడిదుప్పట్లు బరువు, ఆరేకొద్దీ ఆ బరువు తగ్గుతుంది. బరువుతో పెరిగి బరువుతో తగ్గే చప్పుడు బరువు మోసే భాగానిదే అయి ఉండాలి, అంటే రోలర్లు లేదా ముందువైపు పట్టీలు. బ్లోయరుకు డ్రమ్ములో ఏముందో పట్టదు, ఖాళీగా తిరిగినా నిండుగా తిరిగినా దాని గొంతు ఒక్కటే. మేము ఖాళీ డ్రమ్మునూ, తర్వాత నీళ్ళలో ముంచి పిండిన రెండు దుప్పట్లు వేసిన డ్రమ్మునూ తిప్పి చూశాము. ఆవిడ చెప్పినట్టే జరిగింది. దడదడ వేగం కూడా రోలరు లెక్కకే సరిపోయింది.

ఆ తర్వాతే యంత్రాన్ని విప్పాను. మా డ్రయ్యర్ రకంలో బట్టల నూగును పట్టే జాలీ, అంటే లింట్ ఫిల్టరు, కింద ఉన్న రెండు మరలు తీసి, పై రేకును పలుచని ఉలిలాంటి పుట్టీ కత్తితో లేపితే అది పెట్టె మూతలాగా వెనక్కి వాలుతుంది. లోపలినుంచి ఇంకో రెండు మరలు తీస్తే ముందు రేకు ఊడివస్తుంది. రేకు అంచులు చాకు అంచుల్లా ఉంటాయి కాబట్టి చేతులకు మందమైన తొడుగులు వేసుకోవాలి. బెల్టును మోటారు పుల్లీ నుంచి తప్పించి డ్రమ్మును బయటికి లాగితే, వెనక రేకు మీద, గడియారంలో నాలుగూ ఎనిమిదీ ఉండే చోట్ల, రెండు రోలర్లు కనిపిస్తాయి.

కుడివైపు రోలరు వేలితో తిప్పగానే సాఫీగా తిరిగి, కాసేపటికి ఆగింది. ఎడమవైపుది తిప్పితే అర చుట్టు కూడా పోలేదు. దాని త్రికోణపు ప్లాస్టిక్ క్లిప్పు తీసి రోలరును ఇరుసునుంచి లాగితే, ఇరుసు చుట్టూ తలవెంట్రుకలూ నూగూ కలిసి గట్టి తాడులా చుట్టుకుని ఉన్నాయి. ఆ తాడు కింద ఇరుసు నల్లగా, అక్కడక్కడ గీతలు పడి ఉంది. రోలరు రబ్బరు ఒకపక్క బొటనవేలు పట్టేంత మేర చదునైపోయింది. దాని కింద పెట్టె అడుగున మెత్తని నల్లటి పొడి పోగుపడి ఉంది, ఇన్ని నెలలుగా అరిగిన రబ్బరంతా అదే. ఇరుసు, రోలర్లు, క్లిప్పులు కలిపి పాతిక డాలర్లలోపే వచ్చాయి.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఇలాంటి కీచు చప్పుళ్ళకు తుప్పు వదిలించే స్ప్రే కొట్టమని చాలామంది సలహా ఇస్తారు. ఆ పూటకు చప్పుడు తగ్గుతుంది, నిజమే. కానీ అది నిలిచే కందెన కాదు. ఆ జిడ్డుకు నూగు అతుక్కుని ముద్దలు కడుతుంది, పైగా అది మండే పదార్థం. వేడిగాలి ఆడే పెట్టెలో మండే ద్రవాన్ని పిచికారీ చేయడం తెలివైన పని కాదు. ఇరుసును గుడ్డతో తుడిచి, వేడిని తట్టుకునే కందెన ఒకటి రెండు బొట్లు మాత్రమే వేయాలి. బెల్టు మీద ఒక్క బొట్టు కూడా పడకూడదు.

కిట్టు మొత్తం మార్చేస్తే సరిపోదా?

నా వాదనకు ఎదురయ్యే ప్రశ్నలలో బలమైనది ఇదే. బజారులో రోలర్లు, బెల్టు, ఐడ్లర్ పుల్లీ, క్లిప్పులు అన్నీ కలిపి ఒకే పొట్లంగా దొరుకుతున్నాయి. విప్పడమే పెద్ద శ్రమ అయినప్పుడు, విప్పాక అరిగేవన్నీ ఒకేసారి మార్చేస్తే సుద్దగీతలతోనూ సెకన్ల లెక్కలతోనూ పనేమిటి అని అడుగుతారు. ఈ ప్రశ్నలో న్యాయముంది. రోలరు పోయిందని తేలాక విప్పినప్పుడు నేనూ బెల్టును పరిశీలిస్తాను, పగుళ్ళు కనిపిస్తే మార్చేస్తాను. ఎన్నో ఏళ్ళు నడిచిన యంత్రంలో కిట్టు మొత్తం మార్చడాన్ని నేను తప్పుపట్టను.

అయితే ఆ వాదన ఒక విషయాన్ని ముందే ఒప్పేసుకుంటుంది, చప్పుడు ఈ నాలుగు భాగాలలో ఒకదానిదేనని. అది కాకపోయే అవకాశాలు చాలా ఉన్నాయి. లింట్ ఫిల్టరు పైకి లాగినప్పుడు ఆ సందులోంచి ఒక నాణెమో, జడపిన్నో జారి బ్లోయరు దగ్గరికి చేరుతుంది, అప్పుడు గలగలమంటుంది. బ్లోయరు చక్రం మధ్య రంధ్రం అరిగిపోయి ఇరుసు మీద వదులైతే లొడలొడలాడుతుంది. కాళ్ళు సమంగా లేక పెట్టె మొత్తం అదిరి పక్కనున్న వాషింగ్ మెషిన్‌కు తగులుతూ ఉండవచ్చు. గ్యాసుతో నడిచే వాటిలో వాల్వు తెరుచుకున్నప్పుడల్లా టక్కుమనడం అసలు లోపమే కాదు. వీటిలో ఏ ఒక్కదానికీ కిట్టు మందు కాదు.

మరో సందేహం కూడా న్యాయమైనదే. రేకుపెట్టె చప్పుడును అన్ని వైపులకూ మోసుకుపోతుంది, వెనక పుట్టింది ముందు వినిపిస్తుంది, కాబట్టి చెవిని నమ్మడం ఎలా? ఎక్కడినుంచి వస్తోందన్న విషయంలో చెవిని నేనూ పూర్తిగా నమ్మను. ఎంత వేగంగా వస్తోంది, ఎప్పుడు మొదలవుతోంది, బరువుకు మారుతోందా లేదా అన్న విషయాలలో మాత్రం రేకు మనల్ని మోసం చేయలేదు. అందుకే నేను చోటు కన్నా కాలానికే ఎక్కువ విలువ ఇస్తాను. ఫోనులో ఒక నిమిషంపాటు రికార్డు చేసి, తర్వాత నిదానంగా వింటూ దెబ్బలు లెక్కపెట్టుకుంటే పొరపాటుకు తావు తక్కువ.

కొత్తది వచ్చినా పోని చప్పుడు

మా వీధిలోనే ఉండే ఒక కుటుంబానికి జరిగింది చెబుతాను. వాళ్ళ డ్రయ్యర్ టపటపమని కొట్టుకునేది. పనివాడిని పిలిస్తే అతను వచ్చి, ఆన్ చేసి, నిమిషం విని, యంత్రం పాతదైపోయింది, దీనిమీద డబ్బు పెట్టడం దండగ అని చెప్పి, వచ్చినందుకు రుసుము తీసుకుని వెళ్ళాడు. వాళ్ళు కొత్తది తెప్పించుకున్నారు. తెచ్చినవాళ్ళు పాతదాన్ని తీసుకుపోయారు. ఆ రాత్రి కొత్త డ్రయ్యర్‌లో మొదటి విడత బట్టలు వేస్తే అదే టపటప.

ఆ ఇంటివారు నన్ను పిలిచారు. ఇద్దరం డ్రయ్యర్‌ను వదిలేసి ఇంటి బయటికి వెళ్ళి, గాలి బయటికి వచ్చే గొట్టం దగ్గర నిలబడ్డాము. గోడకున్న ఆ మూతలో మూడు ప్లాస్టిక్ రెక్కలుంటాయి, గాలి తోసినప్పుడు అవి లేచి నిలబడాలి. ఒక రెక్క కీలు విరిగి, వచ్చే గాలికి నిలవలేక గోడకేసి కొట్టుకుంటోంది. ఆ దెబ్బ లోహపు గొట్టం గుండా ఇంట్లోకి ప్రయాణించి, సరిగ్గా డ్రయ్యర్ వెనకనుంచి వస్తున్నట్టే వినిపిస్తోంది. గోడ మూతకు అయిన ఖర్చు ఒక పూట భోజనం ఖర్చుకు మించలేదు. పాత డ్రయ్యర్ మాత్రం అప్పటికే వెళ్ళిపోయింది, అందులో ఏ లోపమూ ఉండి ఉండకపోవచ్చు.

నాకు ఈ సంఘటన తలచుకుంటే ఇప్పటికీ బాధ వేస్తుంది. ఆ పనివాడు దురుద్దేశంతో అలా చెప్పాడని నేను అనడం లేదు. రోజుకు అన్ని ఇళ్ళు తిరిగే మనిషికి గోడ అవతలికి వెళ్ళి చూసే తీరిక ఉండదు. కానీ ఆ తీరిక ఇంటివారికి ఉంటుంది. డ్రయ్యర్ ఆపాక కూడా, గాలి వీచినప్పుడల్లా ఆ టపటప వినిపించేదని వాళ్ళ పెద్దమ్మాయి అప్పుడు చెప్పింది. ఆ విషయం ముందే ఎవరైనా అడిగి ఉంటే, అంతటితో తేలిపోయేది.

సమయం, ప్రమాదం, కరెంటు బిల్లు

"నా గంటకు ఇంత విలువ, ఆదివారమంతా దీనికి పోస్తే ఏం మిగులుతుంది?" అని అడిగే మిత్రులు నాకు చాలామంది ఉన్నారు. విప్పి బాగుచేసుకోవడం అందరి పనీ కాదని నేనూ ఒప్పుకుంటాను. వినడానికి మాత్రం ఆదివారం అక్కర్లేదు, బట్టలు ఆరుతున్నంతసేపు చాలు.

ప్రమాదం సంగతి వేరు, దాన్ని తేలికగా తీసుకోకూడదు. ఇక్కడి ఎలక్ట్రిక్ డ్రయ్యర్లు 240 వోల్టుల మీద, 30 ఆంపియర్ల సర్క్యూట్ మీద నడుస్తాయి. ప్లగ్గు పీకకుండా ఏ రేకూ కదిలించకూడదు. గ్యాసు డ్రయ్యర్ అయితే గ్యాసు గొట్టాన్ని కదపవలసిన ఏ పనైనా తెలిసినవారికి వదిలేయాలి. కాలిన రబ్బరు వాసనో, పొగ వాసనో వస్తే చప్పుడు గురించి పరిశోధన చేయడం మానేసి వెంటనే ఆపేయాలి. నూగు ఎంత ప్రమాదకరమో చెప్పడానికి ప్రభుత్వపు లెక్కలే ఉన్నాయి. అమెరికా ఫైర్ అడ్మినిస్ట్రేషన్ 2008 నుంచి 2010 వరకు జరిగినవాటిని లెక్కగట్టి, ఇళ్ళలో డ్రయ్యర్ల నుంచి ఏడాదికి సుమారు 2,900 అగ్నిప్రమాదాలు జరుగుతున్నాయనీ, శుభ్రం చేయకపోవడమే వాటికి ముఖ్య కారణమనీ తేల్చింది. మా యంత్రం విప్పినప్పుడు రోలరు మార్చడానికి పట్టిన సమయం కన్నా, అడుగునా మోటారు చుట్టూ పేరుకున్న నూగును తీయడానికే ఎక్కువ సమయం పట్టింది. చప్పుడు రాకపోయి ఉంటే ఆ నూగు అక్కడే ఉండిపోయేది.

కొత్తది కొంటే కరెంటు ఆదా అవుతుందన్న మాట కూడా తరచుగా వింటాను. గాలిని గొట్టం ద్వారా బయటికి పంపే మామూలు ఎలక్ట్రిక్ రకం అయితే, పాతదైనా కొత్తదైనా వేడి పుట్టించేది కాయిలే, దానికి ఐదు వేల వాట్ల దాకా పడుతుంది, కాబట్టి అదే రకం మళ్ళీ కొంటే పెద్దగా మిగిలేదేమీ ఉండదు. వేడిగాలిని బయటికి వదలకుండా ఆ వేడినే మళ్ళీ వాడుకునే హీట్ పంపు రకం నిజంగానే చాలా తక్కువ కరెంటు తీసుకుంటుంది. దానికి మారాలనుకుంటే ఆ లెక్కలన్నీ చూసుకుని తీరికగా మారవచ్చు. ఒక రోలరు దడదడలాడిన హడావుడిలో తీసుకోవలసిన నిర్ణయం అది కాదు.

నేనే కొత్తది కొనమని చెప్పే సందర్భాలూ లేకపోలేదు. బెల్టు తప్పించాక, డ్రమ్ముతో సంబంధం లేకుండా మోటారే అరుస్తుంటే, బ్లోయరులో ఏమీ లేదని తేలితే, ఆ యంత్రం వయసు కూడా పది పన్నెండేళ్ళు దాటి ఉంటే, మోటారు ధరా శ్రమా కలిపి చూసుకుని వదులుకోవడమే మేలు. వెనక ఇరుసు మీద డ్రమ్ము తిరిగే రకాల్లో, ఆ ఇరుసు దగ్గర డ్రమ్ము పగిలినా అంతే.

విడిభాగాలు దొరకవన్న భయం మాత్రం ఎక్కువసార్లు నిజం కాదు. తలుపు తెరిస్తే చట్రం మీద మోడల్ నంబరు చీటీ ఉంటుంది. పేర్లు వేరైనా లోపలి అమరిక ఒక్కటే అయినవి చాలా ఉన్నాయి. డ్రయ్యర్లు తయారుచేసే వర్ల్‌పూల్ కంపెనీ 2006లో మేటాగ్ అనే మరో కంపెనీని కొన్నది. సియర్స్ అమ్మిన కెన్‌మోర్ యంత్రాలలో మోడల్ నంబరు 110తో మొదలైతే అది వర్ల్‌పూల్ తయారుచేసినదే. కాలిఫోర్నియాలో 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న చట్టం ప్రకారం, గృహోపకరణాల తయారీదారులు విడిభాగాలనూ మరమ్మతు వివరాలనూ యజమానులకు కూడా అందుబాటులో ఉంచాలి. మిన్నెసోటాలోనూ అదే రోజునుంచి ఇలాంటి చట్టం అమలులోకి వచ్చింది. మిగతా రాష్ట్రాలూ ఆ దారిన నడవాలని కోరుకుంటున్నాను.

అద్దె ఇళ్ళవారి సంగతి

అపార్ట్‌మెంట్‌లో ఉండేవారు డ్రయ్యర్‌ను విప్పకూడదు, అది వాళ్ళది కాదు. అయినా నేను చెప్పినదంతా వాళ్ళకూ పనికొస్తుంది. మా తమ్ముడు ఉండే చోట మెయింటెనెన్స్ ఆఫీసుకు "డ్రయ్యర్ చప్పుడు చేస్తోంది" అని రాసిన ప్రతిసారీ ఒక మనిషి ఖాళీ చేతులతో వచ్చి, చూసి, భాగం తెప్పించాలని వెళ్ళిపోయి, వారం తర్వాత మళ్ళీ వచ్చేవాడు. ఈసారి తమ్ముడితో ఇలా రాయించాను: ఖాళీగా తిప్పినా నిండుగా తిప్పినా ఒకే రకంగా కీచుమంటోంది, మొదటి ఐదు నిమిషాలు ఏమీ ఉండదు, వేడెక్కాకే మొదలవుతోంది, చేతితో తిప్పితే దెబ్బలేవీ తగలడం లేదు, తలుపు చీటీ మీది మోడల్ నంబరు ఇది. దానితోపాటు నిమిషంపాటు రికార్డు చేసిన చప్పుడు కూడా పంపాడు.

వచ్చిన మనిషి చేతిలో ఐడ్లర్ పుల్లీ ఉంది. గంటలోపే పని ముగించుకుని వెళ్ళాడు.